మూడు లక్షలతో ట్యాబులు కొందామా, థెరపిస్టును పెట్టుకుందామా?

కొండవాలు

మాట రాని, వచ్చినా బయటివాళ్ళకి అర్థంకాని పిల్లలున్న ఇళ్ళవాళ్ళం ఒక గ్రూపుగా ఉన్నాం. విశాఖలో సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం, మధురవాడ అంతా కలిపి 20 కుటుంబాలు. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, డౌన్ సిండ్రోమ్, అన్ని రకాల పిల్లలూ ఉన్నారు.

ఒక పాత విద్యార్థుల బ్యాచ్ మాకు 3 లక్షలు ఇస్తామంది. వాళ్ళ మనసులో ఉన్నవి ట్యాబులు. 15 వేల చొప్పున 20 ట్యాబులు, అందులో బొమ్మ నొక్కితే మాట పలికే యాప్, బీచ్ రోడ్డులో ఒక చిన్న సభ, ఫొటోలు. మాలో కొందరు మాత్రం అదే డబ్బుతో నెలకి పాతికవేలిచ్చి ఏడాదిపాటు ఒక స్పీచ్ థెరపిస్టుని పెట్టుకుందాం, పిల్లలకి బొమ్మల చార్టులు చాలు అంటున్నారు. మూడో వర్గం కూడా ఉంది. ట్యాబు చేతికిస్తే పిల్లలు ఇక నోరే విప్పరని వాళ్ళ భయం.

ఆదివారం మీటింగులో తేల్చాలి. మీకేమనిపిస్తోందో రాయండి. ఫొటోల సంగతి మాత్రం నన్ను అడక్కండి, నోరు జారతాను.

మల్కాపురం నాన్న

ఆ మూడో వర్గం నేనే. మొహమాటం లేకుండా చెప్తా. మావాడికి ఐదేళ్ళు. అమ్మ, తాత, పో, ఇలా నాలుగైదు మాటలొచ్చాయి. అవి రావడానికి మేం పడ్డ పాట్లు మాకే తెలుసు. రేపు "నీళ్ళు కావాలి" అని ట్యాబే అంటుంటే వాడికి కష్టపడాల్సిన పనేముంది? పెద్దవాళ్ళమే సుఖం మరిగితే వదలం. ఆరేళ్ళు నిండేదాకా మాట మీదే పని చేయిద్దాం. అప్పటికీ రాకపోతే ఈ మిషన్ల సంగతి చూద్దాం. అందుకని నా ఓటు థెరపిస్టుకే, ట్యాబులకి కాదు.

మాటల మేడమ్

నేను స్పీచ్ థెరపిస్టుని. ఆ ఉద్యోగం నాకొద్దు, ఖాళీ లేదు. ముందే చెప్పేస్తే నా మాట స్వార్థమనుకోరు.

మల్కాపురం నాన్న గారూ, కొత్తగా వచ్చే దాదాపు ప్రతి ఇంటివాళ్ళూ ఇదే అడుగుతారు, అడగాలి కూడా. మాటకి తోడుగానో బదులుగానో వాడే బొమ్మలు, సైగలు, చార్టులు, మిషన్లు అన్నిటినీ కలిపి మేము ఏఏసీ అంటాం. అవి వాడితే ఉన్న మాట పోతుందా అన్నదాని మీద 2006లో మిల్లర్, లైట్, ష్లాసర్ అనే ముగ్గురు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టారు. పద్ధతిగా జరిగాయని నమ్మదగ్గవి ఏరితే 27 మంది వివరాలు మిగిలాయి. వాళ్ళలో ఒక్కరికీ మాట తగ్గలేదు. 89 శాతం మందికి ఎంతో కొంత పెరిగింది. మిగతావాళ్ళకి ఉన్నదున్నట్టే ఉంది.

అయితే ట్యాబు తెచ్చి చేతిలో పెట్టినంత మాత్రాన ఏమీ జరగదు. ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడుతూ తాము కూడా నొక్కాలి. "అన్నం తిందామా" అంటూ తిను అనే బొమ్మ నొక్కాలి, "ఇంకా కావాలా" అంటూ ఇంకా నొక్కాలి. దీన్నే మోడలింగ్ అంటాం. పిల్లాడు తిరిగి నొక్కకపోయినా విసుగు లేకుండా నెలల తరబడి చెయ్యాలి. ఏ పిల్లాడైనా మొదటి మాట అనేముందు ఏడాదిపాటు వింటూనే ఉంటాడు కదా. ఈ పిల్లలకి వాళ్ళ భాషలో, అంటే బొమ్మలు నొక్కే భాషలో, మాట్లాడి చూపించేవాళ్ళే ఉండరు. నేను చూసిన ట్యాబుల్లో చాలావాటిని బీరువాలో పెట్టించింది ఆ లోటే.

మల్కాపురం నాన్న

27 మందేనా మేడమ్? మా అపార్టుమెంటులో అంతకంటే ఎక్కువమంది పిల్లలున్నారు. ఎంతో కొంత అంటే ఎంత?

మాటల మేడమ్

కొంచెమే. చిన్న లెక్కే, ఒప్పుకుంటాను. ట్యాబు వాడితే ఎవరికైనా మాట వచ్చేస్తుందని నేననలేదు, ఉన్నది పోదని అన్నాను. పోతుందన్నవాళ్ళు ఇంత చిన్న లెక్క కూడా చూపించలేదు.

ఆరేళ్ళు నిండేదాకా ఆగడం కూడా ఊరికే పోదండీ. అన్నాళ్ళూ వాడికి పొట్ట నొప్పి వస్తుంది, కోపం వస్తుంది, భయం వేస్తుంది. చెప్పే దారి లేక గిచ్చుతాడు, కొరుకుతాడు, తల గోడకేసి కొట్టుకుంటాడు. అప్పుడు మనం మొండివాడని పేరు పెడతాం.

టైప్ చేసేవాడు

నా టైపింగ్ నెమ్మది. ఈ పోస్టు నిన్న మొదలెట్టాను.

నాకు సెరిబ్రల్ పాల్సీ. ఉండేది గాజువాకలో, ఇంటినుంచే డేటా ఎంట్రీ చేస్తా. నా మాట అమ్మకీ చెల్లికీ అర్థమవుతుంది, బయటివాళ్ళకి కాదు. చిన్నప్పుడు చార్టు వాడాను, ఇప్పుడు ఫోను వాడుతున్నా. పిల్లలకి చార్టులు చాలు అన్నారే, ఆ మాట దగ్గర ఆగిపోయాను.

చార్టుకి గొంతుండదు. ఎదుటివాడు నా వేలు చూస్తేనే నేను మాట్లాడినట్టు. వాడు తల తిప్పుకుంటే నా మాట ఆగిపోయినట్టే. ఆర్టీసీ కాంప్లెక్సులో అటు తిరిగి నిలబడ్డ కండక్టరుకి చార్టు చూపించేదెలా? పక్కగదిలో ఉన్న అమ్మని పిలవాలి, ఫోనులో మాట్లాడాలి, నలుగురు కబుర్లాడుకుంటుంటే మధ్యలో దూరి ఒక జోకు వెయ్యాలి. ఇవేవీ చార్టుతో కావు. జోకు టైపయ్యేసరికి అందరూ వేరే విషయంలోకి వెళ్ళిపోతారు, అది వేరే బాధ.

ఇంకొకటి. చార్టు చూసేవాడు నా వాక్యం తనే పూర్తిచేస్తాడు. డాక్టరు బొమ్మ మీద వేలు పెట్టగానే "డాక్టరు దగ్గరికెళ్ళాలా? సరే" అంటాడు. డాక్టరు మాట నేను నమ్మట్లేదని చెప్పబోయానని వాడికెలా తెలుస్తుంది? ఫోను నేను ప్లే నొక్కేదాకా నోరెత్తదు. అందుకే నాకది ముద్దు.

అలాగని ట్యాబు పార్టీవాళ్ళు చప్పట్లు కొట్టకండి. మన ఊరి ఉక్కపోతకి చెమట వేళ్ళని టచ్ స్క్రీను సరిగ్గా పట్టించుకోదు. పగటిపూట బీచ్‌లో తెర నల్లగా కనిపిస్తుంది. నా చెయ్యి వణికితే ఒక బొమ్మ బదులు మూడు నొక్కుకుంటాయి. దానికి కీగార్డు కావాలి, అంటే బొమ్మ బొమ్మకీ కన్నం ఉన్న ప్లాస్టిక్ పలక. చేతులే లొంగని పిల్లలకి స్విచ్ కావాలి. యాప్ ఒక్కో గడినీ వెలిగిస్తూ పోతుంటే కావలసిన గడి దగ్గర తలతోనో మోకాలితోనో ఆ స్విచ్ నొక్కుతారు. 20 మందికి 20 ఒకేలాంటి ట్యాబులు కొంటామంటున్నారంటే ఆ బ్యాచ్‌లో ఎవరూ ఈ పిల్లలతో ఒక పూట కూర్చోలేదని నా అనుమానం.

గొంతు గురించి కూడా. స్టీఫెన్ హాకింగ్ 1985లో గొంతు ఆపరేషన్ తర్వాత మాట పోగొట్టుకున్నాడు. ఆ రోజుల్లో దొరికిన మరమనిషి గొంతుకే అలవాటుపడి, తర్వాత మెరుగైనవి వచ్చినా మార్చుకోలేదు, అదే తన గొంతన్నాడు. నా ఫోనులోది వార్తలు చదివే తెలుగు. మా వీధిలో అలా ఎవరూ మాట్లాడరు. నేను మా యాసలో టైపు చేస్తే తడబడుతూ చదువుతుంది, అయినా అలాగే టైపు చేస్తా.

చివరగా పెద్దవాళ్ళకి ఒక ప్రశ్న. మీరు చార్టు చేయించినా ట్యాబు కొన్నా అందులో మాటలు ఎంచేది మీరే. నీళ్ళు, అన్నం, బాత్రూము, థాంక్యూ. వద్దు ఉంటుందా? ఆపు? నువ్వు కాదు, అమ్మ రావాలి? నోర్ముయ్యి? నన్ను ఇక్కడ ముట్టుకున్నాడు? ఒంటి భాగాల పేర్లన్నీ ఉంటాయా, లేక తల, చెయ్యి, కాలు దగ్గర ఆపేస్తారా?

కొండవాలు

తమ్ముడూ, ఆ చివరి పేరా మా గ్రూపులో పెట్టేశాను. ఇప్పటిదాకా ఒక్కరూ జవాబివ్వలేదు. అందరూ చదివారని మాత్రం కనిపిస్తోంది.

మాటల మేడమ్

ఆ మాటలు లేని చార్టు నేనైతే ఇవ్వను. మనం రోజూ మాట్లాడేదాంట్లో ఓ 80 శాతం రెండు మూడు వందల మాటలతోనే గడిచిపోతుంది. వాటిలో వస్తువుల పేర్లు తక్కువ. నేను, నువ్వు, కావాలి, వద్దు, ఇంకా, అయిపోయింది, రా, పో, ఎందుకు లాంటివే ఎక్కువ. మనవాళ్ళు మాత్రం ఆపిలు బొమ్మతో మొదలుపెడతారు. ఈ ఊళ్ళో మామిడిపండైనా పెట్టరు.

తెలుగుకి ఇంకో చిక్కుంది. చాలా యాప్‌ల గళ్ళు ఇంగ్లీషు వరసలో పుట్టాయి. మన క్రియ చివరకొస్తుంది, వచ్చేటప్పుడు ఎవరు, ఎప్పుడు అన్నవి మోసుకొస్తుంది. వస్తాను, వస్తావా, రాను, రావద్దు, వచ్చేశాడు. ఇన్నిటికీ వేరువేరు గళ్ళు పెడితే పలక నిండిపోతుంది, రా ఒక్కటే పెడితే పిల్లాడు జీవితాంతం ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు. ఐఐటీ బొంబాయి డిజైన్ విభాగంవాళ్ళ జెల్లో యాప్ ఉచితం, అందులో బొమ్మ నొక్కి పక్కనున్న ఇష్టం, అవును, ఇంకా, వాటి వ్యతిరేకాలు నొక్కితే పూర్తి వాక్యం పలుకుతుంది. మొదలుపెట్టేవాళ్ళకి బాగుంటుంది. చెన్నైలో విద్యాసాగర్ సంస్థ పిల్లల మధ్య రూపుదిద్దుకున్న ఆవాజ్ యాప్‌కి డబ్బు కట్టాలి, కానీ మాటలు మనకి కావలసినట్టు చేర్చుకోవచ్చు. ఏది పెట్టినా, ఇంట్లో తెలుగు మాట్లాడుతుంటే ట్యాబులో తెలుగే ఉండాలి. స్కూలు ఇంగ్లీషు మీడియం కదా అని ఇంగ్లీషు ఒక్కటే పెట్టించుకున్న ఇళ్ళున్నాయి. నాయనమ్మతో ఏం మాట్లాడాలి ఆ పిల్ల?

ఎంవీపీ అక్క

నేను పిల్లల గ్రూపు కాదు. మా నాన్నగారికి మోటార్ న్యూరాన్ జబ్బు. మాట పోయింది, చేతులు పోయాయి, బుర్ర మాత్రం పాదరసం. మాకు ఉపయోగపడిన ఒక పద్ధతి చెప్తాను, పైసా ఖర్చు లేదు.

అట్ట మీద క వర్గం, చ వర్గం, ట వర్గం, త వర్గం, ప వర్గం అని ఐదు వరసలు రాశాం. కింద య నుంచి ఱ దాకా ఒక వరస. పక్కన గుణింతం గుర్తులు. నేను పైనుంచి "క వర్గమా? చ వర్గమా?" అని వరసగా అడుగుతాను. రెప్ప వేస్తే ఆ వరసలోకి వెళ్ళి ఒక్కో అక్షరం చదువుతాను. మళ్ళీ రెప్ప. తర్వాత గుణింతం. ఇంగ్లీషు అక్షరాలు వరసగా చదవడం కంటే ఇది చాలా నయం, ఎందుకంటే అక్షరమాలని మన పెద్దవాళ్ళు ముందే ఐదైదుగా సర్దిపెట్టారు. చదువొచ్చిన ఎవరికైనా ఏ అక్షరం ఏ వరసలో ఉందో నోటికొచ్చు. నాన్నగారు రెండు అక్షరాలు చెప్పగానే నేను మిగతాది ఊహిస్తే విసుక్కుంటారు. టైప్ చేసేవాడు గారి పోస్టు చదివాక ఊహించడం మానేశాను.

పక్షవాతం వచ్చినవాళ్ళందరికీ ఇది పనికొస్తుందనుకోకండి. మెదడు ఎడమవైపు దెబ్బతిని అఫేసియా వస్తే పోయేది గొంతు కాదు, భాషే. అక్షరాలు కూడా జారిపోతాయి. వాళ్ళకి ఫొటోలు, అవును కాదు ప్రశ్నలే దిక్కు.

లెక్కల మాస్టారు

ఇన్ని మాటలయ్యాయి, లెక్క ఎవరూ వెయ్యలేదు.

20 ట్యాబులు 15 వేల చొప్పున అంటే మొత్తం 3 లక్షలూ మొదటి రోజే అయిపోతాయి. కీగార్డుకి, స్విచ్‌కి, డబ్బు కట్టే యాప్‌కి, పగిలిన తెరకి రూపాయి మిగలదు. సరే, ప్రతి ఇంట్లో ఫోనుంది కదా, అందులోనే యాప్ వేసుకుంటే పోలేదా అంటారు. మా ఎదురింటి సంగతి చెప్తా. ఆ ఇంట్లో ఉన్నది ఒకే మంచి ఫోను, తండ్రిది. ఆయన పొద్దున్నే డ్యూటీకెళ్తే పిల్లదాని గొంతు కూడా స్టీల్ ప్లాంటుకి వెళ్ళిపోతుంది. సాయంత్రం దాకా ఆ పిల్ల మూగదే. కాబట్టి ట్యాబు అందరికీ అక్కర్లేదు, కొందరికి తప్పనిసరి. ఎవరికో తేల్చడానికే ముందు థెరపిస్టు కావాలి.

చార్టు అందరికీ ఉండాల్సిందే, ట్యాబు ఉన్నవాళ్ళకి కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. ఫోను ఛార్జింగుకి జనరేటరున్న ఇళ్ళ ముందు నిలబడ్డాం. అలాంటి రోజున బ్యాటరీ అయిపోయిన గొంతుతో పిల్లాడేం చేస్తాడు?

ఇంకొకటి, దాతల డబ్బు కోసం కొట్టుకుంటూ మనం మర్చిపోతున్నాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం కమ్యూనికేషన్ అన్న మాటకిచ్చిన నిర్వచనంలోనే ఇలాంటి ప్రత్యామ్నాయ పద్ధతులున్నాయి. 17వ సెక్షన్ వాటిని చదువులో ప్రోత్సహించమని ప్రభుత్వానికి చెబుతుంది. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన భవిత కేంద్రాలున్నాయి. మీ పిల్లలకి సదరం సర్టిఫికెట్ ఉంటే ఆ కాపీలు జతచేసి ఒక అర్జీ కూడా పెట్టండి. ఇచ్చినా ఇవ్వకపోయినా రసీదు మిగులుతుంది.

కొమ్మాది అమ్మ

ఇంతమంది రాశారు, లెటర్ బోర్డు పద్ధతి ఒక్కరూ చెప్పలేదేం? థెరపిస్టు బోర్డు గాల్లో పట్టుకుంటారు, పిల్లాడు అక్షరాలు చూపిస్తాడు. ఆటిజం ఉన్న మా బంధువుల అబ్బాయి ఎన్నడూ మాట్లాడనివాడు పెద్ద పెద్ద వాక్యాలు చెబుతున్నాడు. ఆ 3 లక్షలూ దానికి పెట్టండి, ఇరవై మందికీ దారి దొరుకుతుంది.

మాటల మేడమ్

అమ్మా, ఇక్కడ నేను గట్టిగానే చెప్పాలి. బోర్డు ఇంకొకరు పట్టుకుని, లేదా పిల్లాడి చెయ్యి ఇంకొకరు పట్టుకుని రాయించే పద్ధతుల్లో ఆ మాటలు ఎవరివన్నది తేల్చాలి. తేల్చే దారి ఉంది. పిల్లాడికి ఒక బొమ్మ, సాయం చేసేవాళ్ళకి వేరే బొమ్మ, ఒకరిది ఒకరికి కనిపించకుండా చూపించి పేరు అడగాలి. చెయ్యి పట్టుకుని రాయించే పద్ధతిని 1990లలో అమెరికాలో ఇలా పరీక్షిస్తే సాయం చేసినవాళ్ళు చూసిన బొమ్మ పేరే వచ్చింది. వాళ్ళు మోసగాళ్ళు కారు, తామే కదుపుతున్నామని వాళ్ళకే తెలీదు. బోర్డు గాల్లో పట్టుకునే పద్ధతివాళ్ళు ఇలాంటి పరీక్షకి ముందుకు రావడం లేదు. 2018లో అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం ఈ రెండు పద్ధతులూ వాడొద్దని చెప్పింది.

కొమ్మాది అమ్మ

అంటే ఆ బిడ్డ వాళ్ళమ్మకి రాసిందంతా అబద్ధమంటారా? ఆవిడ ముందు ఈ మాట అనగలరా?

మాటల మేడమ్

అనలేను. బోర్డు బల్లమీద పెట్టి, మనిషి చెయ్యి తీసేసి, ఆ అబ్బాయికి తన వేలితోనే చెప్పే దారి వెతకండి అని మాత్రం అంటాను.

టైప్ చేసేవాడు

ఒకసారి బ్యాంకులో నా బదులు మా బాబాయి మాట్లాడాడు. మంచివాడే. నేను కోరనిది కోరి వచ్చాడు. నా పేరు మీద ఇంకొకరి మాట బయటికొస్తే, ఎంత మంచి మాటైనా, నేను ఆ గదిలో లేనట్టే.

మల్కాపురం నాన్న

మేడమ్, ఒక సందేహం. ట్యాబు ఇచ్చినా వాడు యూట్యూబ్‌కే పోతాడు. మాటల యాప్‌లో ఉంచేదెలా?

మాటల మేడమ్

మాటల ట్యాబు వేరు, పాటల ఫోను వేరు. రెండూ ఒకటి చెయ్యకండి. ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ పిన్ చేసే సెట్టింగ్ ఉంది, యాప్ దాటి అంత తేలిగ్గా బయటికి పోలేడు. శిక్షగా మాత్రం ఎప్పుడూ లాక్కోకండి. అల్లరి చేశాడని మన పిల్లల నోటికి ప్లాస్టరు వెయ్యం కదా.

కొండవాలు

మీటింగులో పెట్టబోయే లెక్క ఇది. ట్యాబులు ఆరు, 90 వేలు. అవి ఎవరికన్నది మేము కాదు, థెరపిస్టు పిల్లలందర్నీ చూశాక చెబుతారు. కీగార్డులు, స్విచ్‌లు, 20 ఇళ్ళకీ లామినేషన్ చార్టులు 30 వేలు. మిగిలిన లక్షా 80 వేలు నెలకి 15 వేల చొప్పున ఏడాదిపాటు వారానికి రెండు పూటలు వచ్చే థెరపిస్టుకి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళనే తీసుకుంటాం. ఒక పూట పిల్లలకి, ఒక పూట అచ్చంగా తల్లులకీ తండ్రులకీ. మాటల జాబితా తయారుచేసే రోజు టైప్ చేసేవాడు గారు రావాలి, ఆటో ఖర్చు మాది. ఒంటి భాగాలన్నీ ఉంటాయి. ఈ విషయంలో ఇద్దరు అమ్మమ్మలతో ఇప్పటికే గొడవైంది.

బ్యాచ్‌వాళ్ళకి ఫోను చేశాను. ఆరు ట్యాబులతో సభ ఏం పెడతాం అన్నారు. ఆలోచించి చెబుతారట.

టైప్ చేసేవాడు

వస్తా. ఆటో వద్దు, లో ఫ్లోర్ బస్సు దొరికితే అందులో వస్తా. ఎంతసేపైనా ఆగి వింటామంటేనే.

మల్కాపురం నాన్న

ట్యాబుల మీద నేను వ్యతిరేకంగానే చేయెత్తుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. తల్లిదండ్రుల పూటకి మాత్రం నా పేరు ముందు రాయండి. చార్టుల లామినేషన్ జగదాంబ దగ్గర తెలిసినవాళ్ళున్నారు, 20 సెట్లంటే తగ్గించి ఇస్తారు, కనుక్కుని చెప్తా. సైజు ఏ4 చాలా, ఏ3 కావాలా మేడమ్?

మాటల మేడమ్

ఏ3. ఊడిపోని గట్టి ప్లాస్టిక్ వెయ్యమనండి, ఉప్పుగాలికి అంచులు లేస్తాయి.